మైనం పూసిన కోటు

జాకెట్టు లోపల కుట్టిన చీటీ మీద ఇరవై వేలు అని రాసి ఉంది. ధర అనుకుని గుండె ఝల్లుమంది. ధర కాదట. ధర వేరే చీటీ మీద ఉంది, అదీ తక్కువేం కాదు. ఈ ఇరవై వేలు మిల్లీమీటర్లు. ఆ బట్ట మీద సన్నటి గొట్టం నిలబెట్టి ఇరవై మీటర్ల ఎత్తున నీళ్ళు నింపినా అడుగున చెమ్మ దిగదని దానర్థమట. నా మనవరాలు ఫోనులో చూసి చదివి వినిపించింది. ఇరవై మీటర్లంటే మా పెరట్లో ముదురు కొబ్బరిచెట్టు. చెట్టంత నీళ్ళని కాగితంలాంటి బట్ట ఆపుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. కానీ నమ్మాను. ఎందుకు నమ్మానో చెప్పడానికే ఇదంతా.

పిల్ల మా అమ్మాయి కూతురు. మా ఇంట్లోనే ఉండి వ్యాయామవిద్య చదువుతోంది. కాశ్మీరంలో మంచుకొండల మీద స్నోబోర్డింగ్ నేర్పే రెండు వారాల శిక్షణకి ఎంపికైంది. ఒక పలకకి రెండు కాళ్ళూ బిగించుకుని కొండ మీంచి జారడం ఆ ఆట. పలక, బూట్లు, హెల్మెట్టు వాళ్ళే ఇస్తారు. పైన తొడుక్కునే జాకెట్టు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, తడవనిది. పిల్ల ఆన్‌లైన్లో రెండు తెప్పించింది. ఒకటి ఉంచుకుని రెండోది వారంలోగా వెనక్కి పంపాలి. మొదటిది గులాబీ, పసుపు కలిసిన రంగు, లోపల మెత్త, చూడగానే తొడుక్కోవాలనిపిస్తుంది. రెండోది నలుపు, పల్చన, లోపల ఏమీ లేదు. వట్టి పెంకులాంటిది. అందుకే దాన్ని షెల్ అంటారట.

నేను రెంటినీ తిరగేసి కుట్లు చూశాను. నల్లదానికి లోపల ప్రతి కుట్టు మీదా సన్నటి పట్టీ అతికించి ఉంది. రంగుదానికి భుజాల మీదా మెడ దగ్గరా మాత్రమే ఉంది, చంకలో లేదు, పక్కల్లో లేదు. ఆ తరవాత ఏం చేశానో నాకు తెలియలేదు. పిల్ల నవ్వితే తెలిసింది.

"ఏంటి తాతయ్యా, దానికి ముద్దులెడుతున్నావా? ఎంగిలి చెయ్యకు, ట్యాగు తడిస్తే వెనక్కి తీసుకోరు."

బట్టని పెదాలకి ఆనించుకుని, బుగ్గలు పూరించి ఊదుతున్నాను. నాకా అలవాటు లేదు. నా జన్మలో ఎప్పుడూ అలా ఊదలేదు. ఆ ఊదడం కొత్తపేట కోట్ల మేస్త్రిగారిది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆయన నోరు నా నోట్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఆయన కొత్తపేటలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో వానకోట్లు మాత్రమే కుట్టేవారు. చొక్కా కుట్టమంటే చేతులు జోడించి పక్క కొట్టు చూపించేవారు. పోస్టుమాన్లు, పాలవాళ్ళు, రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడిపేవాళ్ళు, రొయ్యల చెరువుల కాపలావాళ్ళు, వీళ్ళే ఆయన ఖాతాదార్లు. గుడ్డ రాగానే ముందు ఊదేవారు. ఊపిరి దూరితే నీరు దూరుతుందనేవారు. తరవాత దాన్ని నాలుగు కొసలా తాళ్ళతో కట్టి ఉయ్యాలలా వేలాడదీసి, అందులో నీళ్ళు పోసి సాయంత్రం దాకా వదిలేసేవారు. కింద ఎండు బూడిద చల్లేవారు. బూడిదలో చుక్క పడ్డ మచ్చ కనబడితే ఆ తాను వెనక్కి వెళ్ళిపోయేది.

కొలత తీసేముందు ఒక మాట అడిగేవారు. "వానలో ఎంతసేపుంటారండి?" అది చెప్పకపోతే టేపు తీసేవారు కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి కారులో వచ్చి, కారు దిగి ఇంట్లోకి వెళ్ళేంతసేపని చెబితే, "దానికి గొడుగు చాలండి, కోటు దండగండి" అని పంపేశారు.

సూది గురించి ఆయన చెప్పే మాట విన్నవాళ్ళు ఇంకా కొత్తపేటలో ఉన్నారు. "బట్ట కారదండి, కుట్టు కారుతుందండి. సూది దిగిన ప్రతిచోటా చిల్లే కదండి. నేను కోటుకి వెయ్యి చిల్లులు పెట్టి వానకోటని అమ్ముతున్నానండి. పోలీసులకి తెలిస్తే పట్టుకుపోతారండి." ఇంత చెప్పి నవ్వకుండా మనకేసి చూసేవారు. మనం నవ్వాక అప్పుడు నవ్వేవారు.

ఆ చిల్లులు పూడ్చడానికి కుట్ల మీద మైనం రుద్ది, ఇస్త్రీపెట్టెతో కరిగించి లోపలికి ఇంకించేవారు. చంక కింద అరచేయి పట్టేంత సందు వదిలి దాని మీద రెక్క కుట్టేవారు. దాన్ని కిటికీ అనేవారు. "బయట వానకి తడిస్తేనేంటండి, లోపల చెమటకి తడిస్తేనేంటండి, చలి ఒకటేనండి" అని వివరణ. ఇప్పుడు మా పిల్ల ఫోనులో చూస్తే, విదేశీ కంపెనీలు జాకెట్టుకి చంకలో జిప్పు పెట్టి, అదేదో పరిశోధన చేసి కనిపెట్టినట్టు బొమ్మలు గీసి మరీ చెప్పుకుంటున్నాయి. లోపలి చెమట బట్ట గుండా బయటికెంత పోతుందో దానికీ ఒక అంకె వేశారు. నాకు ఒళ్ళు మండింది. రేకుల షెడ్డులో చెక్క స్టూలు మీద కూర్చుని ఒకాయన ముప్పై ఏళ్ళ కిందటే ఇదంతా చేశాడు. ఆయన పేరు ఏ చీటీ మీదా లేదు. సరే, నేను మాత్రం ఏం ఉద్ధరించాను.

మా తమ్ముడు కరెంటాఫీసులో లైన్‌మన్. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నాన్న పోయాక వాణ్ణి నేనే పెంచాను. వాడి చొక్కా గుడ్డ దగ్గర్నించి వాడు చదవాల్సిన పుస్తకం దాకా నేనే ఎంచేవాణ్ణి. నేను అయిదో తరగతితో బడి మానేసి పంచాయతీ లైబ్రరీలో చదువుకున్నవాణ్ణి. కులం మీదా, మడి మీదా, దిష్టిబొమ్మల మీదా ఊళ్ళో ఎవరితోనైనా పొద్దుగూకేదాకా వాదించేవాణ్ణి. నా అంత అభ్యుదయవాది చుట్టుపక్కల లేడని నా నమ్మకం.

తమ్ముడికి కోటు కుట్టిద్దామని నేనే తీసుకెళ్ళాను. మేస్త్రిగారు మామూలు ప్రశ్న వేశారు. వాడు వాన ఉన్నంతసేపూనని చెప్పాడు. నిలబడి ఉంటారా, ఎక్కుతారా అని మళ్ళీ అడిగారు. స్తంభం ఎక్కి తీగలు బిగించాలన్నాడు. అయితే చేతులు పైకి ఉంటాయి, నీళ్ళు మణికట్టు దగ్గర్నించి చంకలోకి దిగుతాయి అని తనలో తను అనుకుని, వాణ్ణి రెండు చేతులూ పైకెత్తి నిలబడమన్నారు. అలా నిలబెట్టే కొలతలన్నీ తీశారు. చాలాసేపు పట్టింది. వాడు చేతులు దించబోతే, "ఉండండి, వానలో అయితే దించుతారాండి?" అన్నారు. వాడు నవ్వుతూ అలాగే ఉన్నాడు. వాళ్ళిద్దరికీ అప్పుడే స్నేహం కలిసిపోయింది.

ఆ వారంలోనే మేస్త్రిగారి వాళ్ళ, అంటే పేటలోని క్రైస్తవుల, సమాధుల పండగ వచ్చింది. ఆ మర్నాడు పొద్దున్న నేను సైకిలు మీద వెళుతూ, సమాధుల తోటలో ఆయన్ని చూశాను. సత్తుగిన్నె, గరిటె పట్టుకుని ఒక్కో సమాధి దగ్గరా వంగుతున్నారు. ముందు రోజు వెలిగించిన కొవ్వొత్తుల మొదళ్ళు, కారి గడ్డకట్టిన మైనం గీకి గిన్నెలో వేసుకుంటున్నారు. గీకేముందు ఆ సమాధిలో ఉన్నవాళ్ళ పేరు పెట్టి పిలిచి, "కాస్త తీసుకుంటున్నానండి" అంటున్నారు. నన్ను చూసి దాచుకోలేదు. దగ్గరికొచ్చి తనే చెప్పారు.

"కొట్లో కొత్త కొవ్వొత్తి పెళుసండి. ఒకసారి వెలిగి ఆరిన మైనం సాగుతుందండి. కాస్త కొబ్బరినూనె కలిపితే కుట్టులో కూర్చుండిపోతుందండి." గిన్నెలోకి చూస్తూ అన్నారు. "ఇక్కడున్నోళ్ళంతా వానలో పనిచేసినోళ్ళేనండి. మా నాయనమ్మ మీ చేలల్లోనే నాట్లేసేదండి. నెత్తి మీద తాటాకు గిడుగుండేదండి. అది చాలేది కాదండి."

అందులో నిష్ఠూరం లేదు. ఊళ్ళో వాన సంగతి చెప్పినట్టు చెప్పారు. నేను తలూపి సైకిలెక్కాను. దారి పొడుగునా అదే తలుచుకున్నాను. సమాధుల మీది మైనం, ఎవరెవరిదో, మా తమ్ముడి ఒంటికి. వందల పుస్తకాలు చదివిన బుర్ర ఆ క్షణాన ఎక్కడికి పోయిందో తెలియదు. చావు అంటే రోత అని సర్దిచెప్పుకున్నాను. రోత చావుది కాదు. ఎవరి చావు అన్నది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు, ఒప్పుకోడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇంటికెళ్ళి ఆ కోటు మనకొద్దన్నాను. కారణం విని తమ్ముడు నా మొహంకేసి వింతగా చూశాడు. "తొడుక్కునేది నేను కదన్నయ్యా" అన్నాడు. నీకు తెలియదు ఊరుకోమన్నాను. మర్నాడు మేస్త్రిగారి దగ్గరికి వెళ్ళి, మైనం విషయంలో ఇంట్లో పట్టింపులున్నాయని నసిగాను. మైనం లేకుండా ఇమ్మంటారా అని అడిగారు. బయట కొనేశామని అబద్ధం చెప్పి, దాన్ని నిజం చెయ్యడానికి ఆ సాయంత్రమే రాజమండ్రి వెళ్ళి నున్నగా మెరిసే రబ్బరు కోటు తెచ్చాను.

ఆ వారం తిరక్కుండానే తుపాను కొట్టింది. కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి. స్తంభాలు వరసగా వాలిపోయాయి. తమ్ముడు మూడు రోజులు ఇంటికి రాలేదు. వచ్చేటప్పటికి పెదాలు నీలంగా ఉన్నాయి. కోటు పైకి మెరుస్తూనే ఉంది. చంకల్లో కుట్లు రెండూ విచ్చిపోయాయి. వాడి బనీను నేనే విప్పాను. పిండితే నీళ్ళు కారాయి. ఆ రాత్రే జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. పదకొండో రోజున పోయాడు. కోటు వల్ల పోయాడని ఏ డాక్టరూ అనలేదు. అనక్కర్లేదు. బనీను విప్పింది నేను.

తరవాత నాలుగు రోజులకి మేస్త్రిగారు మా ఇంటికొచ్చారు. ఆయన షెడ్డు రేకులు అప్పటికే తుపానులో ఎగిరిపోయాయి. లోపలికి రమ్మంటే రాలేదు, అరుగు కింద నిలబడ్డారు. పరామర్శ మాటలేవీ అనలేదు. నేలకేసి చూస్తూ అడిగారు.

"ఒక్క మాటండి. మైనం వద్దన్నది తమ్ముడుగారాండి?"

"వాడేనండి," అన్నాను. "వాడికి అలాంటివి పట్టింపు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. వాడు బతికి ఉంటే తిరగబడేవాడు. ఆయన తలెత్తి నన్ను చూశారు. కోపం లేదు. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేటప్పుడు ఉండే చూపు. "ఆయ్" అన్నారు. వెళ్ళిపోయారు.

షెడ్డు మళ్ళీ వేసుకున్నాక, కుట్టిన కోట్లు రోడ్డు వైపు మేకులకి తగిలించేవారు. గాలి దూరితే అవి ఉబ్బి, తలలు లేని మనుషులు వానకోసం ఎదురుచూస్తున్నట్టుండేవి. వాటిలో ఒక కోటు చేతులు మిగతావాటిలా కిందికి వాలేవి కావు. పైకెత్తిన చేతులకి కొలిచి కుట్టినది, భుజాల దగ్గర ఎప్పుడూ కొంచెం లేచి ఉండేది. దాన్ని ఆయన అమ్మలేదు. అమలాపురం బస్సులో వెళుతుంటే అది ఎడమవైపు కనిపించేది. నేను ఎడమవైపు కూర్చోవడం మానేశాను. నిలబడాల్సి వస్తే కళ్ళు మూసుకునేవాణ్ణి. కళ్ళు మూసుకున్నా షెడ్డు ఎప్పుడు దాటుతోందో తెలిసేది, అక్కడ మలుపు ఉంది, ఒళ్ళు ఒక పక్కకి ఒరిగేది. కొన్నేళ్ళకి ఆ మేకు ఖాళీ అయిందని ఎవరో చెప్పగా విన్నాను. అయినా ఎడమవైపు కూర్చోలేదు. ముసురు పట్టిన రోజుల్లో ఇప్పటికీ, మంచం మీద పడుకుని ఉంటే, పెరట్లో ఎవరో బుగ్గలు పూరించి ఊదుతున్నట్టు వినిపిస్తుంది. లేచి చూడను. ఆయన పోయారని కబురొచ్చినా వెళ్ళలేదు.

ఇదంతా తలుచుకుంటున్నది చేతిలో జాకెట్టు పట్టుకునే. పిల్లతో నల్లది ఉంచుకుని రంగుది పంపెయ్యమన్నాను. అది నచ్చలేదంది. నల్లది వేసుకుంటే ఫొటోల్లో కాకిలా ఉంటానంది. మంచు వాన కాదు కదా, దులిపేసుకుంటే పోతుందంది. నేర్చుకునేవాళ్ళు జారేదానికంటే మంచులో కూలబడేదే ఎక్కువని నువ్వే కదా చదివావు, ఒంటి వేడికి అది కరిగి కుట్లలోంచే దిగుతుందని నేనన్నాను. నా గొంతు పెరిగింది. పిల్ల గొంతూ పెరిగింది.

"తొడుక్కునేది నేను కదా తాతయ్యా."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. నీళ్ళు తాగాక దానికి మొత్తం చెప్పాను. తమ్ముడి గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు. మేస్త్రిగారి ప్రశ్న గురించీ, నా జవాబు గురించీ అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మా ఆవిడ తెలియకుండానే పోయింది.

పిల్ల ఓదార్చలేదు. మేస్త్రిగారి వాళ్ళు ఎవరున్నారని అడిగింది. ఆయన భార్య ఉందని, ఆ షెడ్డు వెనక ఇంట్లోనే అని చెప్పాను. రెండు జాకెట్లూ సంచిలో పెట్టుకుని, స్కూటీ తాళం తీసుకుంది. "నాది డ్రైవింగే, నువ్వే మాట్లాడాలి" అంది.

మేస్త్రిగారి భార్య వరండాలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. లేచి కుర్చీ వేసింది. ఎందుకొచ్చానో నేను చెప్పలేక, జాకెట్టు చూపించడానికొచ్చామన్నాను. పిల్ల నాకేసి చూసింది. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని జాకెట్లు తీసుకుంది. ఎన్నేళ్ళు పక్కన కూర్చుని మైనం రుద్దిందో, వేళ్ళకి అంతా గుర్తుంది. ఎంతసేపు మంచులో ఉంటావని పిల్లని అడిగింది. పొద్దుట్నించి సాయంత్రందాకానని, సగం కూర్చునేనని పిల్ల చెప్పింది. ఆవిడ రెంటినీ తిరగేసి, కుట్టు వెంట గోరు నడిపించి, నల్లది పిల్ల ఒళ్ళో పెట్టింది.

"ఇది వేసుకెళ్ళమ్మా. ఆ రంగుది ఊరేగింపుకి బాగుంటుంది."

పిల్ల పకపకా నవ్వి సరేనంది. నేను గొంతు చించుకుంటే వినని పిల్ల.

ఇక నాకు చెప్పక తప్పలేదు. నేలకేసి చూస్తూ చెప్పాను. ఆ రోజు మా అరుగు కింద మేస్త్రిగారు అడిగిన మాటకి నేను అబద్ధం చెప్పానని, మైనం వద్దన్నది మా తమ్ముడు కాదని, నేనేనని. ఆయన ఆ కుర్రాడు తనని చీదరించుకున్నాడనుకునే పోయి ఉంటారని, అది నన్ను నిద్రపోనివ్వడం లేదని.

ఆవిడ గోరుచిక్కుడు ఒకటి తుంపి చాటలో వేసింది.

"ఆయనకి తెలుసండి."

నేను తలెత్తాను.

"మీరు వద్దని వెళ్ళిన మర్నాడే తమ్ముడుగారు వచ్చేరండి. మా అన్నయ్యకి చెప్పకండి, మైనం దట్టంగా పుయ్యండి, ఆదివారం వచ్చి పట్టుకెళ్తానన్నారండి. ఆ కుర్చీలోనే కూర్చుని టీ తాగేరు. కోటు సిద్ధం చేసేసేరండి. ఆదివారానికి తుపాను వచ్చేసింది కదండి."

"మరి తెలిసి నన్నెందుకడిగేరండి?"

"మీరు చెబుతారేమోనండి. చెబితే మీ చేతికిద్దామని ఆ కోటు తీసుకొచ్చేరండి. మీ గోడవతల సైకిలు మీద ఉందండి, సంచిలో."

నేను ఆ సైకిలు చూడలేదు. ఆ రోజు నేను దేన్నీ చూడలేదు.

ఆవిడ చెబుతూనే ఉంది. కోటు తిరిగి తెచ్చి మేకుకి తగిలించారట. చివరికి ఒక ఏడు, ఒంటి మీద ఉండాల్సింది గోడ మీద ఎన్నాళ్ళని, కొత్తగా చేరిన లైన్‌మన్ కుర్రాడికి ఊరికే ఇచ్చేశారట. అయినా ముసురు పట్టినప్పుడల్లా, ఇంట్లోకి రాగానే, మీరు ఇటుగా వచ్చేరా అని అడిగేవారట. మంచం పట్టాక కూడా అడిగారట.

"ముందు రావలసిందండి," అంది.

తప్పుపట్టినట్టు లేదు. రేవులో నిలబడ్డవాళ్ళెవరో, ఆలస్యంగా పరిగెత్తుకొచ్చిన మనిషికి పంటు వెళ్ళిపోయిందని చెప్పినట్టు చెప్పి, మిగిలిన గోరుచిక్కుళ్ళు దగ్గరికి లాక్కుంది.